తూర్పు బాట: మజిలీలు, మూటలు, మోసినవారు

నడచిపోవువానికి మూట తేలికగా నుండవలయుననుట నేటి మాట కాదు. వ్యాసభారతమున అరణ్యపర్వమందు పాండవులు తీర్థయాత్రకు వెడలు ఘట్టము నెఱిగినవారికి ఈ సంగతి స్ఫురింపక మానదు. ఇంద్రలోకమునుండి వచ్చిన రోమశ మహర్షి వారికి దారి చూపుటకు సమ్మతించి, ధర్మరాజునకు మొదట జెప్పిన హితవు పరివారమును తగ్గించుకొమ్మనియే. లఘువుగా నున్నవాడు స్వేచ్ఛగా బోగలడని ఆ ముని తాత్పర్యము. ధర్మరాజు తన్ను గనిపెట్టుకొనియున్న జనములో పెక్కుమందిని ధృతరాష్ట్రుని యొద్దకు బంపివేసెను. పర్వతముల నెక్కబోవుటకు ముందు ఇంద్రసేనాది పరిచారకులను, వంటవాండ్రను సుబాహుడను రాజు నొద్ద విడిచెను. అటుపై గంధమాదన మార్గమున ద్రౌపది సొమ్మసిల్లి పడిపోగా, భీముడు తలచినంతనే ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోసికొనిపోయెను.

ఈ కథలో బాటసారికి గావలసిన మూడు వస్తువులు గలవు: దారి యెఱిగిన పెద్ద, తేలికైన మూట, అవసరమునకు మోయువాడు. వీనికి రాత్రి సుఖముగా విశ్రమించు తావు చేర్చినచో నాలుగగును. ఈ నాలుగును సమకూడిన బహుదినముల నడక నేడు దేశదేశములందు వేడుకయై యున్నది. స్పెయిను దేశమున సంత్‌యాగో క్షేత్రమునకు నడచువారి మూటలను బస నుండి బసకు బండ్లమీద జేర్చు వర్తకులున్నారు. జపానులో షికోకు ద్వీపమున 88 దేవళములను చుట్టివచ్చు యాత్ర సుమారు 1,200 కిలోమీటర్లు. దారి పొడవున యాత్రికుల బసలు గలవు. మన తిరుమలకు అలిపిరి మెట్లదారిని ఎక్కు భక్తుల మూటలను దేవస్థానమువారు క్రింద బుచ్చుకొని కొండమీద అప్పగించుచున్నారు. దీనికి రుసుము లేదు.

అయితే ఇట్టి యేర్పాటులు పరదేశములనుండి మనకు వచ్చిన క్రొత్త విద్యయని తలంపరాదు. దిల్‌సుఖ్‌నగరు, లాల్‌బహాదురునగరుల మీదుగా హయత్‌నగరునకు బోవు తూర్పు బాట మన యువకు లందఱు నెఱిగినదే. మోటారులో గూర్చుండి, యెప్పుడు పట్నము చేరుదుమాయని గడియారము చూచుకొనుచు దాటు బాట అది. ఆ బాట మీద మున్నూఱేండ్లకు పైబడిన కాలమున మజిలీ లుండెడివి, సరాయి లుండెడివి, అన్నము పెట్టు చావళ్ళుండెడివి. ఆ చరిత్రను మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో నాలుగు పుటలలో వ్రాయవలయునని నా కోరిక. వృత్తిచేత నేను గ్రామలెక్కలు వ్రాయువాడను. కావున ఈ సౌఖ్యములకు ఖర్చు నెవరు భరించిరను లెక్కను గూడ కడకు దేల్పక విడువజాలను.

బాట యేర్పడిన విధము

గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591లో మూసీనదికి దక్షిణముగా హైదరాబాదు నగరమును నిర్మించెను. ఆ రాజ్యమునకు సముద్రద్వారము బందరు, అనగా మచిలీపట్టణము. ఆంగ్లేయులు 1611లో అచట వర్తకశాలను పెట్టిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చియుండిరి. కలంకారీ వస్త్రములు, కృష్ణాతీరపు వజ్రములు ఒక దిక్కునుండియు, పరదేశపు సరకులు, గుఱ్ఱములు, ధనము మఱియొక దిక్కునుండియు పోవుచు వచ్చుచుండెను. రాజధానిని రేవుతో గలుపు బాటయే మన తూర్పు బాట.

ఆ కాలమున దిల్‌సుఖ్‌నగరను పేరు లేదు. దిల్‌సుఖ్ రాంప్రసాదను వారి భూములుండుటచే ఆ పేరు గలిగెనని యందురు. లాల్‌బహాదురునగరు పేరు 1964 నుండి 1966 వఱకు ప్రధానమంత్రిగా నున్న లాల్‌బహాదురు శాస్త్రిగారిని స్మరించి పెట్టినది. మలకుపేట దాటినతోడనే కుడియెడమల చేలు, తోటలు, రాతిగుట్టలు. దక్షిణమున కుతుబ్‌షాహీల నాటి సరూరునగరు చెఱువు. కర్మన్‌ఘాటులో హనుమంతుని గుడి. బాటసారికి గుఱుతు లివియే. నైజాము కొలువులో సేనాని యైయుండి 1798లో మృతినొందిన ఫ్రెంచివాడు రేమాఁ సమాధి ఈ ప్రక్కనే గుట్టమీద నున్నది. అతని పేరే జనుల నోట మూసారాం అయి, మూసారాంబాగుగా నిలిచినది.

టావెర్నియే చూచిన బస

ఈ దారిని నడచి, చూచినది వ్రాసి పెట్టిన విదేశీయులలో జా బాప్తిస్త్ టావెర్నియే ముఖ్యుడు. ఇతడు ఫ్రెంచి రత్నవర్తకుడు; 17వ శతాబ్దిలో తూర్పుదేశములకు ఆఱుమాఱులు వచ్చినవాడు. అతని యాత్రాగ్రంథము 1676లో ప్రకటితమయ్యెను. గోలకొండ నుండి బందరునకు నేరుదారిని 100 క్రోసులని, వజ్రపు గనుల మీదుగా బోయినచో 112 క్రోసులని అతడు లెక్క వ్రాసెను. ఆ గని కృష్ణాతీరమందలి కొల్లూరు. ఆ ప్రదేశము నేడు పులిచింతల జలాశయపు ముంపులో నున్నది. రత్నవర్తకుడు గావున అతడు గనిదారినే తఱచుగా బోయెడివాడు.

అతడు వ్రాసిన మజిలీల వరుసను చూడుడు. గోలకొండ తరువాత తెనారా, పిమ్మట జాతెనగర్, పిమ్మట పతెంగీ, పిమ్మట పెంగుల్. ఫ్రెంచివాని నోట మన యూళ్ళ పేళ్ళు మాఱినను పోల్చుకొనుట కష్టము కాదు. జాతెనగర్ మన హయత్‌నగరు. పతెంగీ చౌటుప్పలు దగ్గఱి పంతంగి. పెంగుల్ నల్లగొండ దాపున ఛాయాసోమేశ్వరుడు వెలసిన పానగల్లు. పంతంగియొద్ద నేడు జాతీయ రహదారి సుంకపు గేటు గలదు. నాడు బాటసారి ఆగి ప్రొయ్యి రాజేసిన తావుననే నేడు మోటారు ఆగి సుంకము చెల్లించుచున్నది!

తెనారా యనునది ఈ వరుసలో హయత్‌నగరునకు ముందు మజిలీ. అచట గొప్ప తోటలతో గూడిన నాలుగు భవనము లుండెననియు, వానిలో ఒకటి రాణివాసమునకనియు, తక్కిన మూడు బాటసారులకనియు టావెర్నియే చెప్పుచున్నాడు. ఆ తావు వర్ణన మనసునకు హత్తుకొనునట్లున్నది. చెక్కిన రాతితో గట్టిన రెండంతస్తుల మేడ. లోపల గదులు, శాలలు. ముందు విశాలమైన చతురస్రపు ముంగిలి. ద్వారముల కిరుప్రక్కల ఎత్తైన అరుగులమీద కమానుల క్రింద సామాన్యజనులకు బస. ద్వారములపైన స్త్రీలకు వేఱుగా చిన్న గదులు. బీదలకు ప్రతిదినము వండిన రొట్టె గాని, అన్నము గాని, కూరలు గాని పంచెడివారట. పరులు వండినది తినని హిందువులకు పిండియు, కొంచెము వెన్నయు నిచ్చెడివారట. వారు రొట్టె కాల్చుకొని, కరగించిన వెన్నను రెండు ప్రక్కల బూసికొని తినుటను అతడు వింతగా జూచి వ్రాసికొనెను.

పాఠకులారా! ఇచట ఒక్క క్షణ మాగి యోచింపుడు. రాజు తురకవాడు, చూచినవాడు క్రైస్తవుడు, అన్నము తినువాడు ఎవడైనను కావచ్చును. ఎవని యాచార మేమియో తెలిసికొని, దానికి భంగము రాకుండ పెట్టిన అన్నమది. ఆకలిగొన్న వానికి అన్నము పెట్టుట దానము. వాని యాచారమును మన్నించి పెట్టుట మర్యాద. ఆ మర్యాద గూడ ఈ బాటమీద నుండెను.

హయత్‌నగరు సరాయి

తెనారా భవనము లిప్పుడు మన కన్నులకు గానరావు. హయత్‌నగరు సరాయి మాత్రము నేటికిని నిలిచియున్నది. దీనికి హయాత్ బక్షీ బేగము పేరు. ఈమె మహమ్మదు కులీకి కొమార్తె. తరువాతి సుల్తాను మహమ్మదునకు భార్య. ఆ తరువాత 1626 నుండి 1672 వఱకు ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. ముగ్గురు రాజుల కాలమును జూచి, రాజ్యభారమున కుమారునికి చేదోడైన యీమెను జనులు గౌరవముతో ‘మాసాహెబా’ యనిరి. పట్నములోని మాసాబు ట్యాంకు పేరు దానినుండి వచ్చినదే. 1667లో ఆమె మరణించెను.

హయత్‌నగరున విశాలమైన ఆవరణ మధ్యమున మసీదు గలదు. ఆవరణము చుట్టును కమానుల గదులు వరుసగా నున్నవి. బాటసారులు బసచేసినవి ఆ గదులే. సమీపముననే ఏనుగుబావి యనదగు గొప్ప బావి గలదు. దానిని ‘హాతీ బావ్లీ’ యని పిలిచెదరు. ఏనుగుచేత నీరు తోడించుటకు వీలైన బావియను ప్రసిద్ధి. సరాయి నిర్మించినవాని తెలివి ఇందు గనబడును. మనిషికి గది, పశువునకు ముంగిలి, దాహమునకు బావి, ప్రార్థనకు మసీదు, దొంగభయము లేకుండ చుట్టును గోడ: ఒక రాత్రికి గావలసిన దంతయు ఒక్క ఆవరణములో నమర్చిరి. ఇట్టి తావు రాత్రికి సిద్ధముగా నున్నచో బాటసారి గుడార మేల మోయును? కుండలేల? మంచమేల? బస యెంత మంచిదైన మూట అంత తేలిక. ఇది యీ విషయమందలి మూలసూత్రము.

మోసినవారి లెక్క

ఇక ఖర్చు పద్దునకు వత్తము. జమ యున్నచోట ఖర్చుండక తప్పదు. ఒకని భుజము తేలికపడెనన్న, ఆ బరువు మఱియొకని భుజమున కెక్కెనన్నమాట.

టావెర్నియే ఈ పద్దును నిక్కచ్చిగా వ్రాసినాడు. పల్లకీ మోయు బోయీకి నెలకు నాలుగు రూపాయలు. ప్రయాణము అఱువది దినములు మించినచో అయిదు రూపాయలు. దారిలో రక్షణకు వచ్చు ఆయుధపాణులకును అట్టి జీతమే. ఇది కూలికి కుదిరిన పని. చిన్నదైనను లెక్కగల జీతము.

కాని బాటమీద మోసినవా రందఱికి జీతము ముట్టలేదు. నైజాము రాష్ట్రమున వెట్టిచాకిరి యని మన పెద్దలు చెప్పునది యెట్టిదో యువకులు వినియుండవలెను. అధికారి దౌరాకు వచ్చెనన్న, గ్రామములోని పనివారు తమ పొలము, తమ కూలి విడిచి యాయన బసకు జేరవలెను. మాలమాదిగలు సామానులు తలకెత్తుకొని ఊరిపొలిమేర దాటించి తరువాతి యూరికి జేర్పవలెను, చీటీలు మోయవలెను, దారి చూపవలెను. చాకలి దివిటీ పట్టవలెను, పనిపాటలు చేయవలెను. కుమ్మరి కుండలు తేవలెను. మేనాలు మోయువారు మేనాలు మోయవలెను. వీనికి కూలి లేదు; కాదనుటకు నోరు లేదు. రోమశుని వలె దారి చూపినవాడును, ఘటోత్కచుని వలె బరువు మోసినవాడును ఒక్కడే. కాని రోమశునికి దక్కిన పూజ గాని, ఘటోత్కచునికి దక్కిన ఆలింగనము గాని వానికి దక్కలేదు.

ఈ చాకిరి పంపకము చేసినవారిలో మా వృత్తివారును గలరని చెప్పకున్న చరిత్ర అసత్యమగును. పటేలు పేళ్ళు పిలిచెను. పట్వారీ పేళ్ళు వ్రాసెను. పాత దఫ్తరములలో శిస్తు పైసలతో సహా గానవచ్చును. వెట్టివాడు నడచిన క్రోసుల లెక్క మాత్రము గానరాదు. వ్రాయబడని పద్దు చెల్లిపోయిన పద్దు గాదు. అది మిగిలియున్న బాకీ.

1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్ర జనసంఘమువారును, తరువాత 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి సమావేశము జరిపిన ఆంధ్రమహాసభవారును ఈ వెట్టికి వ్యతిరేకముగా ప్రజలను మేల్కొలిపిరి. తుదకు 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 23వ అధికరణముచే బేగారిని నిషేధించినది. ఆ అధికరణములోని చిన్న మాట వెనుక మన బాటలమీద తలబరువుతో నడచిన వేలకొలది జనుల చెమట యున్నది.

వీరాస్వామయ్యగారి యాత్ర

తెలుగువాడు తెలుగున వ్రాసికొన్న గొప్ప యాత్రాగ్రంథ మొకటి ఈ సందర్భమున స్మరింపదగును. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇలు చేరిరి. కడప సీమ, శ్రీశైలము మీదుగా హైదరాబాదు వచ్చి, ఉత్తరముగా నాగపురమునకు సాగిరి. తిరుగుదారిని సముద్రతీరముననే వచ్చిరి. ఆయన హైదరాబాదు చేరినది దక్షిణపు బాటను. మన తూర్పు బాటను గాదు. అయినను మజిలీ యనగా నేమో తెలిసికొనుటకు ఆయన కాశీయాత్రచరిత్రకు మించిన గ్రంథము లేదు. ప్రతి మజిలీయందును ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్ళున్నవా, నీరెట్టిది, దిగుటకు తావున్నదా, దారిలో వాగులెన్ని యని ఆయన వ్రాసి పెట్టినారు. తన సుఖమునకే గాక, వెనుక రాబోవు బాటసారి సుఖమునకై వ్రాసిన వ్రాత యది. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారి శ్రమచే 1838లో అచ్చుపడినది. దారి చూపువాడు వెంట నడువ నక్కఱలేదు. పుస్తకమై గూడ ముందు నడువవచ్చునని దీనిచే తెలియుచున్నది. గ్రంథాలయమున కిది తగిన సామెత.

రైలు, మోటారు

1874లో వాడీనుండి హైదరాబాదునకు రైలు వచ్చెను. 1889 నాటికి ఓరుగల్లు మీదుగా బెజవాడకు రైలుదారి పూర్తియయ్యెను. రేవునకు బోవు సరకు రైలెక్కినది. 1932లో నైజాము ప్రభుత్వమువారి బస్సులు బయలుదేరినవి. రోజుల తరబడి నడచిన దారి గంటలలోనికి వచ్చెను. ఒక్క పగటిలో దాటు దారికి రాత్రి బస యెందులకు? సరాయి గదులు పాడువడినవి. 2018 సెప్టెంబరు 24న లాల్‌బహాదురునగరు వఱకు మెట్రోరైలు నడచుట మొదలయ్యెను. నేడు దిల్‌సుఖ్‌నగరు దుకాణముల మీదుగా మనము ఆకాశమార్గమున బోవుచున్నాము; క్రింద నున్నది పూర్వుల నడకదారియని తలంచువా రరుదు. దీనికై వగవ నక్కఱలేదు. రోగిని ఆస్పత్రికి వేగముగా జేర్చు బండి సరాయికంటె మేలు. కాని దారిని మఱచుట వేఱు; దారిని వేగముగా దాటుట వేఱు.

1951లో నొక నడక

బాట మఱుగుపడిన తరువాత మరల నడకకు గౌరవము దెచ్చిన మహనీయుడు వినోబా భావే. ఆయన 1951 మార్చిలో వార్ధా దగ్గఱి పౌనారు ఆశ్రమమునుండి బయలుదేరి, హైదరాబాదు చెంత శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు సుమారు మూడువందల మైళ్ళు కాలినడకను వచ్చిరి. సమ్మేళనము ముగిసిన పిదప తెలంగాణ పల్లెలను జూడ గోరి తూర్పుదిక్కునకు, నల్లగొండ సీమకు నడచిరి. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి. అచటి హరిజనులు తమ బ్రతుకునకు 80 యెకరములు గావలెనని యడిగిరి. గ్రామస్థులలో నుండి వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 యెకరములిత్తునని పలికిరి. భూదానోద్యమమునకు అదియే తొలి దానము.

ఈ నడకను మన నాలుగు వస్తువులతో సరిచూడుడు. మూట తేలిక; కారణము, ఆయనకు వస్తువులు తక్కువ. బస ఏ పల్లె కాపల్లెయే యిచ్చినది. దారి చూపినవారు స్వచ్ఛందముగా వచ్చిన పల్లెజనులు. సామానులు మోయుటకు పట్టి తెచ్చిన వెట్టివా రెవ్వరును లేరు. మున్ను ఏ సీమలో అధికారి మూటలను కూలిలేక మోసిరో, ఆ సీమలోని హరిజనులయొద్దకే ఒక పెద్దమనిషి నడచివచ్చి, మీ కేమి కావలెనని యడిగెను. తూర్పుదిక్కు బాకీలో కొంత అప్పుడు చెల్లినది. ఎంత మిగిలియున్నదో ఎవరి గ్రామమున వారు చూచుకొనదగును.

మనము చేయదగినది

చరిత్ర చదివి ఊరకుండుట కంటె కొంచెమైనను ఆచరించుట మేలు. గ్రంథాలయ సభ్యులకు, ముఖ్యముగా యువకులకు, నా మనవి యిది. సంవత్సరమున కొకమాఱు, చలికాలమున, రెండు మూడు దినముల నడక యేర్పఱచుకొనుడు. సరూరునగరు చెఱువు, కర్మన్‌ఘాటు గుడి, హయత్‌నగరు సరాయి, ఏనుగుబావి, పిమ్మట పంతంగి, వీలైనచో పానగల్లు వఱకు. పెద్దరస్తా మోటార్లతో నిండినది గావున ప్రక్కనున్న పల్లెదారులనే పట్టుడు. రాత్రి బస ఏ పాఠశాలలోనో, ఏ గ్రంథాలయములోనో ముందుగా మాటాడి కుదుర్చుకొనుడు. వెంట నొక చరిత్ర తెలిసిన పెద్దను, ఒక దారి తెలిసిన పల్లెవానిని గొనిపొండు.

మూడు నియమములు మాత్రము తప్పరాదు. మొదటిది: మూటలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, నీళ్ళచెంబు, ఒక పుస్తకము, అంతకు మించరాదు. రెండవది: దారి చూపినవానికిని, వండినవారికిని, మూట మోసినవానికిని ఆనాడే కూలి చెల్లింపవలెను, వారి పేళ్ళు యాత్రలెక్కలో మొదటి పుటలో వ్రాయవలెను. మూడవది: ప్రతి మజిలీలోను వీరాస్వామయ్యగారి వలె నీరెట్టిది, నీడయెట్టిది, ఏ శాసనమున్నది, ఏ వృద్ధుడు ఏమి చెప్పెనని వ్రాసితెచ్చి గ్రంథాలయమున భద్రపఱుపవలెను. పది సంవత్సరములలో మన సీమకు అట్టి గ్రంథ మింకొకటి తనంత తానే తయారగును.

హయత్‌నగరు సరాయిని గూర్చి ఒక మాట. చుట్టును ఇండ్లు, దుకాణములు పెరిగిన యీ కాలమున పాతరాతికి ఆపద హెచ్చు. పదిమంది పోయి చూచుచుండు కట్టడమును పడగొట్టుటకు చేయి వెనుదీయును. ఎవరును చూడనిది ఎవరికిని తెలియకయే మాయమగును. మన కాలినడకయే దానికి కావలి.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము గూడ ఒక సరాయియై యున్నది. కులమడుగక, కూలియడుగక వచ్చినవారికి నీడ నిచ్చినది. ఎవని రుచికి దగిన గ్రంథమును వానికి బెట్టినది. ఇచట చదువరి మూటయును తేలికయే. ఏలయన, పుస్తకముల బరువును బీరువాలు మోయుచున్నవి. ఆ బీరువాలను చేయించుటకు ఇంటింట చందా పోగుచేసినవారి పేళ్ళును, దినదినము తలుపు తెఱచి ఊడ్చి దీపము పెట్టినవారి పేళ్ళును ఈ సంచికలో వ్రాయింపవలసినదిగా కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. మోసినవారి పేళ్ళు లేని లెక్క సరియైన లెక్క గానేరదు.

శుభమస్తు.